పెదవులు చదివేవాళ్ల ఇంట్లో మైకు

ఇది ఒక మహాగాథ. ఇందులో వేలాది జనం, పూలు కట్టిన రథాలు, ఒక మహమ్మారి, ఒక కళాకారుడి పతనం, ఒక స్త్రీ మౌనం, అన్నీ ఉన్నాయి. రాస్తే పదహారు సంపుటాలు పడతాయి.

పట్టవు. రథం అంటే పెళ్లికొడుకు ఎక్కే కిరాయి గుర్రబ్బండి. వేలాది జనం అంటే భోజనానికి వచ్చినవాళ్లు. కళాకారుడంటే నేను. సూరత్‌లో మన తెలుగువాళ్ల పెళ్లిళ్లలో, వినాయక మండపాల్లో, బతుకమ్మ పోగ్రాముల్లో పదేళ్లు మైకు పట్టుకుని జోకులు చెప్పాను, గొంతులు అనుకరించాను, "ముందు ఆడవాళ్లు, పిల్లలు కూర్చోవాలి, పెరుగు అందరికీ ఉంది" అని ప్రకటించాను. ముప్పై ఒకటో ఏట రిటైరయ్యాను. అంత తొందరేమిటని అడగొద్దు. మేముండే లింబాయత్ పేటలో మగ్గం నడిపేవాళ్ల చెవులు నలభైకే రిటైరవుతాయి. నోరు ఇంకాస్త ముందు రిటైరైతే తప్పేం లేదు.

ఈ లైన్లోకి రావాలనుకునే తమ్ముళ్లు ఇద్దరు ముగ్గురు నన్ను సలహా అడిగారు. మైకు ఎట్లా పట్టుకోవాలో ఎవరైనా చెప్తారు. పెళ్లయినవాడు దాన్ని ఎప్పుడు కింద పెట్టాలో ఎవరూ చెప్పరు. నాకూ ఎవరూ చెప్పలేదు. అందుకని రాస్తున్నాను.

అసలు పని

ముందు ఒక భ్రమ తీసేస్తాను. పెళ్లిలో యాంకర్ చెప్పేది ఎవరూ వినరు. సగం మంది వంటల వైపు చూస్తుంటారు. మిగతా సగం పక్కవాళ్ల చీరలు చూస్తుంటారు. సూరత్ కాబట్టి, ఆ చీర రింగ్ రోడ్‌లో ఏ మార్కెట్లో ఏ అంతస్తులో దొరుకుతుందో కూడా చెప్పేస్తారు. మన పని నవ్వించడం కాదు, ఖాళీ పూడ్చడం. అయ్యగారు రాలేదు, జనరేటర్ ఆగింది, రెండు వైపుల చుట్టాలు వంటల వెనక కాలర్లు పట్టుకున్నారు. ఆ ఖాళీలో నిలబడి ఏదో ఒకటి వాగాలి. వాగుడు ఆగితే జనానికి లోపలి గొడవ వినిపిస్తుంది.

నాకు పని నేర్పింది నర్సింగన్న. ఆర్కెస్ట్రా ఆయనది, కీబోర్డు ఆయనది, టెంపో ఆయనది, కోపం కూడా ఆయనదే. ఆయన రూలు ఒక్కటే.

"అరె శీనుగా, మైకు చేతిల ఉన్నంతసేపు నీకు ఇల్లు లేదు, వాకిలి లేదు. ఫోన్ మోగితే ఎత్తొద్దు. చావు కబురైతే పోగ్రాం అయినంక గూడ చావు కబురే. యాడికి పోదది."

దీనికి ఆయన దగ్గర సొంత ఉదాహరణ ఉండేది. మొదటి బిడ్డ పుట్టిన రోజు ఆయన నవసారిలో పాటలు పాడుతున్నాడట. మర్నాడు దవాఖానకు పోతే వదిన మొహం గోడవైపు తిప్పుకుందట. "ఎన్ని రోజులు తిప్పుకుంటదిర? ఆఖరికి చాయ్ ఇచ్చింది" అనేవాడు. మేమంతా నవ్వేవాళ్లం. ఆ ఆఖరు ఎన్ని రోజులకు వచ్చిందో ఒక్కరమూ అడగలేదు.

నర్సింగన్న మంచోడు. ఆయన రూలు చెడ్డది. మంచోడి దగ్గర నేర్చుకున్న చెడ్డ రూలు వదిలించుకోవడం చాలా కష్టం, ఎందుకంటే దాన్ని మనం గౌరవం అనుకుంటాం.

పెళ్లాం జోకులు

పెళ్లయిన మొదటి నెలలోనే లావణ్యను నేను సరుకు చేసేశాను. బ్రహ్మచారి కమెడియన్‌కు పది జోకులుంటే, పెళ్లయినవాడికి వంద ఉంటాయి. వాటిలో తొంభై నిజానికి ఒకే జోకు, అది వేరే సంగతి. మా ఆవిడ చపాతీ కర్రతో కొడుతుంది. మా ఆవిడ నా ఫోన్ వెతుకుతుంది. మా ఆవిడ వంట తిని కుక్క ఊరు వదిలి పోయింది.

అసలు లావణ్య ఎవరినీ కొట్టదు. ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటించే పని చేస్తుంది. జిగురు ఆరేలోపు రాయి సరిగ్గా పెట్టాలి కాబట్టి చెయ్యి వణకకూడదు, కోపం అసలే ఉండకూడదు. మొదటిసారి నా పోగ్రాంకు వచ్చి మూడో వరసలో కూర్చుంది. ఇంటికొచ్చాక అడిగింది.

"నేను నిన్ను ఎప్పుడు కొట్టిన?"

"జోకు అది."

"మరి మా నాయిన గల్లీలోళ్లు చెప్తే నిజమే అనుకున్నడు. నన్ను పక్కకు తీసుకపోయి, అల్లుణ్ణి గిట్ల కొట్టొద్దు బిడ్డా అన్నడు."

నేను ఆ మాటను కూడా తర్వాతి వారం పోగ్రాంలో వాడుకున్నాను. బాగా పేలింది. అప్పుడామె ఒక్కటే షరతు పెట్టింది: తన మీద ఎన్ని జోకులైనా వేసుకోవచ్చు, నాయిన జోలికి పోవద్దు. ఆ షరతు నేను స్టేజీ మీద ఎన్నడూ తప్పలేదు. స్టేజీ కాని చోట తప్పాను.

మామ

మా మామ రాజేశం ముప్పై ఏళ్లు సాంచాల షెడ్డులో పనిచేశాడు. పవర్‌లూమ్‌ను మావాళ్లు సాంచ అంటారు. ఒక షెడ్డులో అవి నలభై యాభై ఒకేసారి ఆడితే పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు. అందుకని షెడ్డులో ఎవరూ అరవరు. పెదవులు కదిలిస్తారు, అంతే. గొంతు వాడరు. ఆ మూల నుంచి ఈ మూలకు పోగు తెగిన సంగతి, చాయ్ వచ్చిన సంగతి, సేఠ్ వచ్చిన సంగతి, అన్నీ పెదవుల మీదే నడుస్తాయి. ముప్పై ఏళ్లయ్యేసరికి మామకు చెవులు పూర్తిగా పోయాయి. పెదవులు చదవడం మాత్రం మిగిలింది.

లావణ్య చిన్నప్పుడే తల్లి చనిపోయింది. తండ్రీ కూతుళ్లు ఇద్దరే మిగిలారు, ఆ భాషలోనే బతికారు. మామ మా పక్క సందులో ఉండేవాడు, మధ్యాహ్నం మా ఇంట్లో తినేవాడు. అన్నం దగ్గర వాళ్లిద్దరూ చప్పుడు లేకుండా గంటసేపు మాట్లాడుకునేవాళ్లు. మధ్యలో ఒక్కసారిగా ఇద్దరూ నవ్వేవాళ్లు. జోకు ఏమిటో నాకు తెలిసేది కాదు. వృత్తిరీత్యా అది నాకు అవమానం.

నా పోగ్రాంలకు మాత్రం మామ తప్పకుండా వచ్చేవాడు. మైకు నా మూతికి అడ్డం ఉంటుంది కాబట్టి ఒక్క ముక్క కూడా ఆయనకు అందేది కాదు. పక్కవాళ్లు నవ్వగానే చూసి నవ్వేవాడు. నాకు దొరికిన ప్రేక్షకుల్లో ఆయన అంత నమ్మకస్తుడు ఇంకొకడు లేడు.

బేసణు

మొదటి లాక్‌డౌన్‌తో పెళ్లిళ్లు పోయాయి. షెడ్లు మూశారు, సగం లింబాయత్ ఊళ్లకు నడిచింది. మైకు పట్టుకునేవాడికి ఊళ్లో మాత్రం ఏం పని? మేము ఇక్కడే ఉన్నాం. లావణ్యకు రాళ్ల పని కొంచెం వచ్చేది. నేను వంట నేర్చుకున్నాను. కుక్క ఊరు వదిలి పోయిన జోకు ఇప్పుడు నా వంటకు సరిపోయేది.

నాకు పని తెచ్చింది చావు. గుజరాతీ వాళ్లింట్లో మనిషి పోతే బేసణు అని పెడతారు. ఒక సాయంత్రం ఇంటివాళ్లు తెల్లబట్టలేసుకుని కూర్చుంటారు. వచ్చినవాళ్లు ఫొటో దగ్గర పూలు పెట్టి, చేతులు జోడించి వెళ్తారు. ఒక భజన మనిషి మెల్లగా పాడుతుంటాడు. జనం కూడకూడదన్నారు కాబట్టి బేసణు ఫోన్లోకి వచ్చింది. వీడియోలో రెండు వందల మంది చేరితే వాళ్లను నడిపించేవాడు కావాలి. గుజరాతీ రావాలి, పాట రావాలి, ఎవరో ఫోన్ మైకు తెరిచి ఉంచి పనిమనిషిని తిడుతుంటే మర్యాదగా మూయించగలగాలి. కతర్‌గామ్‌లో ఒక వజ్రాల కార్ఖానా ఆయన తండ్రి పోతే, ఇంతకుముందు పెళ్లిళ్లలో నాతో పనిచేసిన మండపంవాడు నా పేరు చెప్పాడు.

పెళ్లికీ బేసణుకూ పనిలో పెద్ద తేడా లేదు. వచ్చినవాళ్ల పేర్లు చదవాలి, పెద్దవాళ్లను ముందు పలకరించాలి, ఖాళీ రానివ్వకూడదు. ఒకాయన చేతులు జోడించబోయి అలవాటుగా బొటనవేలు ఎత్తిన బొమ్మ పంపేవాడు. నేను చూడనట్టు తర్వాతి పేరు చదివేవాణ్ణి. రెండో వేవ్ వచ్చేసరికి రోజుకు రెండు బేసణులు చేస్తున్నాను. నిజం రాస్తానన్నాను కాబట్టి రాస్తున్నాను: ఆ పనిలో నేను బాగున్నాను. పదేళ్లలో మొదటిసారి జనం నేను చెప్పేది విన్నారు. ఎందుకంటే వాళ్ల ముందు అన్నం లేదు.

వార్డు నుంచి ఫోను

ఆ ఏప్రిల్‌లోనే మామకు జ్వరం వచ్చింది. మూడో రోజుకు ఆయాసం. ఆసుపత్రిలో చేర్చుకోవడమే అదృష్టమన్నట్టుండేది. లోపలికి ఎవరినీ రానివ్వరు.

ఇక్కడ ఒక సంగతి ఆలోచించండి. వార్డులో డాక్టరు, నర్సు, తుడిచేవాడు, అందరి మూతులకూ మాస్కులు. చెవులు లేని మనిషికి అక్కడ ఒక్క పెదవీ కనపడదు. ఇంజెక్షన్ ఎందుకో, బోర్లా ఎందుకు పడుకోమంటున్నారో, పక్క మంచం ఎందుకు ఖాళీ అయిందో, ఏదీ ఆయనకు చెప్పగలిగినవాళ్లు లేరు.

రోజుకొక్కసారి, నాలుగు నుంచి ఐదు లోపల, హెల్ప్‌డెస్క్‌లో పనిచేసే ఒక ఆవిడ టాబ్ పట్టుకుని మంచం మంచం తిరిగి ఇళ్లకు వీడియో కాల్ చేసేది. రిజిస్టర్లో రాసిన ఒక్క నంబరుకే చేస్తారు. మేం రాసింది నా నంబరు. లావణ్య ఫోన్ డిస్‌ప్లే పోయింది, రిపేరు దుకాణాలు మూసేశారు.

మొదటి మూడు రోజులు కాల్ ఐదుకు పది నిమిషాల ముందు వచ్చింది. మామ మంచం వరసలో చివరిది. లావణ్య కిటికీ దగ్గర వెలుతురు మొహం మీద పడేటట్టు కూర్చునేది. చప్పుడు లేకుండా పెదవులు కదిలించేది. ఆయనకు ఆ రోజు మొత్తంలో కనపడే నోరు అదొక్కటే. డాక్టర్లు చెప్పింది, తినాల్సింది, బోర్లా పడుకోవాల్సింది, అన్నీ ఆమే చెప్పేది. ఆయన ఆక్సిజన్ మాస్కు ఒక్క క్షణం పైకెత్తి జవాబిచ్చేవాడు. మూడో రోజు ఏమన్నాడని అడిగాను.

"రేపు ఏదో చెప్తడట. ఇయ్యాల దమ్ము లేదట."

నాలుగో రోజు రింగ్ రోడ్ చీరల వ్యాపారి ఒకాయన తల్లి బేసణు. నాలుగు నుంచి నాలుగున్నర. ఆయనకు మార్కెట్లో రెండు వందల మంది తెలుసు, ఆ రెండు వందల ఇళ్లల్లో రేపు పెళ్లిళ్లు జరుగుతాయి. ఒప్పుకునే ముందు లావణ్యను అడిగాను.

"నాయిన ఫోన్ ఉంటది గదా" అంది.

"అది ఐదుకు గదా. నాలుగున్నరకు ఫోన్ నీ చేతిల పెడ్త."

"పక్కానా?"

"పక్కా."

ఆమె నా వెనక గోడకు తెల్ల దుప్పటి కట్టింది. తర్వాత కిటికీ దగ్గర తన చోట తాను కూర్చుంది, జడ కూడా సరిచేసుకుని.

నాలుగూ ఇరవైకి కాల్ వచ్చింది.

నేను భజన మధ్యలో ఉన్నాను. తెరమీద ఆసుపత్రి నంబరు, కింద పచ్చ గుండ్రం, ఎర్ర గుండ్రం. వెనక నూట ఎనభై తెల్లబట్టలు. లావణ్య లేచి నిలబడింది. నేను ఆమె వైపు చూసి, పాట ఆపకుండా, రెండు వేళ్లు చూపించాను. రెండు నిమిషాలు అని. ఎర్రది నొక్కాను.

ఎందుకు నొక్కానని చాలామంది అడగలేదు, ఎందుకంటే చాలామందికి చెప్పలేదు. నర్సింగన్న రూలు అని చెప్పుకోవచ్చు. మళ్లీ చేస్తారనుకున్నానని చెప్పుకోవచ్చు. పాట మంచి జాగాలో ఉంది. అదీ కారణం.

పాట అయిపోయింది. వ్యాపారి మేనల్లుడు మాట్లాడతానన్నాడు. నాలుగున్నర దాటింది. లావణ్య నా ఎదురుగా వచ్చి నిలబడి, కెమెరాకు అందకుండా, పెదవులు కదిలించింది. నాకు ఆ భాష రాదు. కానీ ఆ ఒక్క మాటకు చదువు అక్కర్లేదు. ఫోను.

చేతికిచ్చేసరికి ఐదుకు పన్నెండు నిమిషాలు తక్కువ. ఐదు దాకా చూసింది. ఆరు దాకా చూసింది. ఆ నంబరుకు తిరిగి చేస్తే ఎవరూ ఎత్తరు.

మర్నాడు కాల్ మూడు గంటలకే వచ్చింది, వీడియో కాదు, మామూలుది. రాత్రి ఐసీయూకి మార్చారు, గొట్టం వేశారు. అక్కడ టాబ్ తిప్పరు. ఆ మరుసటి రోజు పోయాడు.

కాగితాల కోసం వెళ్లినప్పుడు ఆ హెల్ప్‌డెస్క్ ఆవిడ కనపడింది. ఆవిడ తప్పేమీ లేదు, ఆ సంగతి రాయాలి. ఆ రోజు వరసలో ఐదు మంచాలు ఖాళీ అయ్యాయట, అందుకని మా మామ వంతు ముందుకొచ్చిందట.

"భాయ్, కాల్ కట్ అయింది. ఇంటివాళ్లు ఎత్తలేదని నేను చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. నేను పక్క మంచానికి పోతుంటే టాబ్ దిక్కే చూస్తూ ఉన్నాడు. ఇంకా ఏదో వస్తదని" అంది, మాస్కు వెనక నుంచి.

ఏం చెప్పాలనుకున్నాడో మాకు తెలియదు. కథల్లో అయితే ఏదో ఒక గొప్ప మాట ఉంటుంది. తాళంచెవి ఎక్కడుందో అయినా కావచ్చు. తెలియదు కాబట్టి రెండూ కావచ్చు. అదే బాధ.

సందు చివర

నలభైకి పైగా ఇళ్లకు బేసణులు నడిపిన వాణ్ణి, మా ఇంటి చావుకు ఏమీ నడపలేదు. మామ స్నేహితులంతా సాంచాలవాళ్లు. వాళ్లకు ఫోన్లో ఏం వినపడుతుంది?

మూడో రోజు వాళ్లలో ముగ్గురు వచ్చారు. దగ్గరికి రాకూడదు కాబట్టి సందు చివర నిలబడ్డారు. మాస్కులు గడ్డం కిందికి లాగారు. లావణ్య గుమ్మంలో నిలబడింది. మధ్యలో నలభై అడుగులు. షెడ్డులో ఆ మూలకూ ఈ మూలకూ ఉన్నంత దూరం. అరగంట మాట్లాడుకున్నారు, ఒక్క చప్పుడు లేదు. మధ్యలో ఒకతను ఏదో అన్నాడు, లావణ్య ఏడుస్తూనే నవ్వింది. సూరత్‌లో ఆ నెల జరిగిన పలకరింపుల్లో అంత సరిగ్గా జరిగింది ఇంకోటి నేను చూడలేదు. మైకు లేదు, యాంకర్ లేడు.

ఆ రోజు నుంచి లావణ్య నాతో గొంతుతో మాట్లాడటం మానేసింది. మౌనం అని మొదట్లో రాశాను, అబద్ధం. మాట్లాడేది. నా ఎదురుగా కూర్చుని, మొహం వెలుతురుకు పెట్టి, పెదవులతో మాట్లాడేది. అర్థం కాకపోతే మళ్లీ చెప్పేది. అయినా అర్థం కాకపోతే లేచి వెళ్లిపోయేది. ఇంటి ఓనరుతో, చీరలు తెచ్చే మనిషితో గొంతుతోనే మాట్లాడేది. నాతోనే ఇట్లా.

ఒక నెల అది శిక్ష అనుకున్నాను. ఇంట్లో ఆమె ఉంటుందా, వెళ్లిపోతుందా అన్నది కూడా ఆ పెదవుల మీదే ఎప్పుడో వస్తుందని, నేను చదవలేక తప్పిపోతానని భయపడ్డాను. పెదవులు చూడటం నేర్చుకున్నాను. ఉప్పు, నీళ్లు, తలుపు, రేపు. ప, బ, మ మూడూ ఒకేలా కనపడతాయి, చచ్చే కష్టం. రెండో నెలలో ఇంకో ఆలోచన వచ్చింది: ఆ భాష మాట్లాడటానికి ఆమెకు ఇప్పుడు ఎవరూ లేరు, అందుకని నన్ను తయారుచేసుకుంటోందేమో అని. చాలా గొప్పగా అనిపించింది. తర్వాత ఎప్పుడో ఆమెకు చెప్తే, "నీకు అన్నిట్ల కథ కావాలె" అంది.

రిటైర్మెంట్

స్టేజీ మీద జోకు మధ్యలో గొంతు పూడుకుపోయి, మైకు కింద పెట్టి దిగి వచ్చానని రాస్తే బాగుంటుంది. అట్లా జరగలేదు. పెళ్లికి యాభై మందికే పర్మిషన్ ఇచ్చారు. ఆ యాభైలో యాంకర్‌ను ఎవరు లెక్కపెడతారు? నన్ను ఎవరూ పిలవలేదు. బేసణులకు పిలిచారు, నేను పోలేదు. ఇందులో త్యాగం ఉన్నట్టు కనపడితే అది నా రాతలోని లోపం. ఎర్ర గుండ్రం చూస్తే చెమటలు పట్టేవి, అంతే.

ఊరి బయట కామ్‌రేజ్ దగ్గర ఒక సాంచాల షెడ్డులో సూపర్‌వైజర్ పని దొరికింది. చేరిన రోజు ఆ మూల నుంచి ఒక ముసలాయన పెదవులతో నన్ను ఏదో తిట్టాడు. నాకు అర్థమైంది. సంతోషించాను.

నర్సింగన్న ఒకసారి ఫోన్ చేశాడు. జరిగింది చెప్పాను.

"మా బిడ్డ పుట్టినప్పుడు మీ వదిన చాయ్ ఇచ్చిందన్న గదా" అన్నాడు. "ఇచ్చింది. మాట్లాడింది మాత్రం పదకొండు నెలలకు. ఆ సంగతి మీకు చెప్పలే."

చెప్పి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. తమ్ముళ్లూ, మీకు నేను చెప్తున్నాను. ఫోన్ ఎత్తండి. ఈ మాట కోసం ఇంత చదవాల్సిన పని లేదు, మొదట్లోనే రాయొచ్చు. కానీ మొదట్లో రాస్తే మీరు నవ్వేవాళ్లు.

మూడు నెలలు దాటాక ఒక ఆదివారం పొద్దున, నేను షర్టు ఇస్త్రీ చేసుకుంటుంటే, వెనక నుంచి లావణ్య గొంతు వినపడింది. పదేళ్లు గొంతులు అనుకరించినవాణ్ణి, ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, తిరిగి చూశాను. క్షమించానంటుందేమో, వెళ్లిపోతున్నానంటుందేమో.

"గ్యాస్ అయిపోయింది" అంది.

"బుక్ చేస్త."

"కాదు. మనింటి కనెక్షన్ గూడ నాయిన పేరు మీదనే ఉంది. మార్పియ్యాలె." పాత గ్యాస్ పుస్తకం ఇస్త్రీ బట్టల పక్కన పెట్టింది. "నేనొక్కదాన్ని పోలేను. నువ్వు గూడ రా."

మర్నాడు ఇద్దరం పోయాం. పేరు మార్పుకు మరణ ధ్రువపత్రం, వారసురాలి ఆధార్, పాత గ్యాస్ పుస్తకం కావాలి. రెండేసి జిరాక్సులు తీసి, ప్రతిదాని మీద సంతకం చేయాలి. మా ఏజెన్సీలో నల్ల పెన్ను ఒప్పుకోరు, నీలం పెన్నే కావాలి. మమ్మల్ని ఒకసారి వెనక్కి పంపారు, మళ్లీ ఇద్దరం పోయాం.